దాది సంగతి

బుధవారం, మధ్యాహ్నం

అత్తయ్యకి, మీ చిన్నల్లుడు నమస్కారాలతో రాస్తున్నది.

నాలుగు రోజులు ముసురు పట్టి ఇవాళే తెరిపిచ్చింది. ఎండ లేదు గాని గాలి పొడిగా ఉంది. ఇదే అదనని పొద్దున్నే పైచేలో కంచె పని పెట్టుకున్నాను. పడిపోయిన గుంజలు మళ్ళీ పాతి, తీగ బిగించి, ఇప్పుడే వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాను. వేళ్ళు ఇంకా సరిగ్గా వంగడం లేదు, రాత బాగోలేకపోతే సర్దుకోండి. ఇంట్లో మనుషులం అందరం క్షేమం. గొర్రెల సంగతి విడిగా రాస్తాను. అక్కడ మీ పెద్దమ్మాయి ఇంట్లో మీరు, వదిన, పిల్లలు బాగున్నారని అనుకుంటున్నాను.

ముందొక మాట. ఈ ఉత్తరం మీరే కళ్ళజోడు పెట్టుకుని చదవండి. వదిన చేత చదివించుకోకండి. ఆమె సగంలో ఆపి కళ్ళు తుడుచుకుంటుంది, మీకు సగమే అందుతుంది, మిగతా సగం మీరు ఊహించుకుని తుంటి నొప్పి పెంచుకుంటారు. ఫోనులో చెప్దామని చూశాను. మీరు "మంద ఎలా ఉంది?" అంటారు, నేను "ఇక్కడ ఒకటే వాన" అంటాను, లైను పోతుంది. లైను పోలేదనీ నేనే పెట్టేశాననీ మీకు తెలుసు.

మీరు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మాయి దగ్గు తగ్గింది. వంట నేనే చేస్తున్నానని మీకు ఎవరు చెప్పారో గాని, చేసింది రెండు పూటలే. నా వంట తిన్నాక దగ్గు దానంతటదే తగ్గిపోయింది. ఉప్పు దిమ్మలు తెప్పించి దొడ్లో వేలాడదీశాను, నాకుతున్నాయి. ఈనే పాకకి తలుపు బాగు చేయించావా అన్నారు. చేయించలేదు, పాకే పీకేశాను. ఎందుకో రాస్తాను, కంగారుపడకండి. వంకరగాడిని అమ్మేశావా అని ఈ ఉత్తరంలోనూ అడిగారు. అమ్మలేదు. కొనడానికి ఒకాయన వచ్చాడు. వాడి ఎడమ కొమ్ము కంటి మీదికి తిరిగి ఉండడం చూసి, "ఇది పొట్టేలా, తలుపు గొళ్ళెమా?" అని నవ్వాడు. మన పొట్టేలుని మనం ఎన్నయినా అంటాం, బయటివాడు అంటే నాకెందుకో కోపం వచ్చింది. పొమ్మన్నాను. ఆ కోపం మనల్ని కాపాడింది.

మీ పెంపుడు గొర్రె దాది ఎలా ఉందని పైన ఒకసారి, కింద ఒకసారి అడిగారు. అది చివర రాస్తాను. మిగతాది తెలియకుండా అది ఒక్కటీ రాస్తే మీకు అర్థం కాదు.

మీరు ఆపరేషనుకి వెళ్ళేముందు నల్లచెవి గొర్రె గుంజకి రాసుకుంటోందని పేలమందు పట్టించారు కదా. మీరు వెళ్ళాక కూడా అది ఆగలేదు. పక్కటెముకల మీద ఉన్ని అంతా ఊడి చర్మం ఎర్రబడింది. మేత తింటూనే చిక్కిపోయింది. నడిచేటప్పుడు వెనక కాళ్ళు ఎత్తెత్తి వేసేది, నీళ్ళల్లో నడుస్తున్నట్టు. వీపు మీద గోకితే తల పైకెత్తి, పెదాలు అదేపనిగా ఆడించేది. పక్క దొడ్డి రేడియో బాబాయి కంచె మీద చేతులు ఆనించి చూసి, "ఏవోయ్ అల్లుడూ, మీ అత్త ఇంట్లో లేదుగా, నీ మీద చాడీలు ఎవరికి చెప్పుకోవాలో తెలియక పాపం అది గాలికి చెప్పుకుంటోంది" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ వారంలోనే ఇంకో గొర్రె గుంజ దగ్గర చేరింది. దాని వీపు గోకితే అదీ పెదాలు ఆడించింది. అప్పుడు నవ్వు రాలేదు.

పశువుల డాక్టరుకి కబురు చేశాను. ముందున్నాయన బదిలీ అయ్యాడు, ఇప్పుడు ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తక్కువ మాటలు. నల్లచెవి వీపు మీద రెండు వేళ్ళతో గోకి దాని మూతి చూసింది. ఇంకోసారి గోకి ఇంకోసారి చూసింది. రెండో గొర్రెనీ అలాగే చూసింది.

"ఈ రెండింటినీ నాకు ఇవ్వాలండీ," అంది. "మెదడు పరీక్షకి పంపాలి. ప్రాణంతో ఉండగా ఖాయంగా చెప్పలేను."

"నల్లచెవి చూలుతో ఉంది డాక్టరమ్మా. ఈ వారమో పైవారమో ఈనుతుంది."

"అయితే ఈననిద్దాం. కాని వేరే చోట ఈనాలి. మాయ పడగానే నాకు చెప్పండి, ఇంకే గొర్రే దాని దగ్గరికి రాకూడదు."

అలాగే చేశాం. ఆడపిల్లని ఈనింది. పిల్ల లేచి నిలబడ్డాక, రెండు గొర్రెల్నీ తీసుకెళ్ళారు. పిల్లని మీ అమ్మాయి సీసా పాలతో పెంచుతోంది. పరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ మళ్ళీ వచ్చి దొడ్డి గేటు దగ్గర నిలబడింది. జబ్బు పేరు స్క్రేపీ అట. గోకుడు జబ్బు అంటే సరిపోతుంది.

"పురుగా డాక్టరమ్మా?" అని అడిగాను.

"కాదు."

"మరి మన కంటికి కనపడని క్రిమా?"

"అదీ కాదు. ప్రతి గొర్రె ఒంట్లోనూ ఉండే మాంసకృత్తే. ఒకటి మడత తప్పుతుంది. పక్కదానికి తగిలితే అదీ మడత తప్పుతుంది. మీ మంద గేటు దగ్గర ఒక గొర్రె పక్కదారి పట్టిందనుకోండి, ఏమవుతుంది?"

"అన్నీ దాని వెనకే పోతాయి."

"మెదడులో అదే జరుగుతోంది. అలా దారి తప్పినదాన్ని ప్రియాన్ అంటారు."

"మందు?"

"లేదు."

"మరిగే నీళ్ళు పోసి కడిగితే చావదా?"

"చావాలంటే ముందు బతికుండాలి కదండీ," అంది.

మనుషులకి అంటుతుందా అని మీ అమ్మాయి అడిగింది. గొర్రెల నుంచి మనుషులకి అంటినట్టు ఇన్నేళ్ళలో ఎక్కడా తేలలేదని చెప్పింది. కాబట్టి ఆ భయం పెట్టుకోకండి.

ఇక్కడి నుంచి మీకు కష్టంగా ఉంటుంది, అయినా చదవండి. ఈ జబ్బు ఒంట్లో చేరాక రెండేళ్ళో నాలుగేళ్ళో పైకి కనపడదట. ఎక్కువగా ఈనేటప్పుడే ఒకదాని నుంచి ఒకదానికి పోతుందట. మాయలో, ఉమ్మనీటిలో ఉంటుంది. డాక్టరమ్మ ఈనే పాక చూసి, "తల్లి లేని పిల్లల్ని మీ దగ్గర ఎలా సాకుతారు?" అని అడిగింది. నేను గొప్పగా చెప్పాను. మా అత్తయ్య చెయ్యి పడితే ఏ తల్లయినా ఏ పిల్లనయినా తనదనుకుంటుందని చెప్పాను. నీలం తొట్టి తీసి చూపించాను. గొర్రె ఈనుతుంటే ఉమ్మనీరు దీంట్లో పట్టి, మాయ కూడా వేసి, తల్లి లేని పిల్లని దీంట్లో ముంచి దాని ముందు పెడతామనీ, తన వాసనే కాబట్టి అది నాకి పాలిస్తుందనీ, చుట్టుపక్కల వాళ్ళు కూడా పిల్లల్ని ఎత్తుకుని మా అత్తయ్య దగ్గరికే వస్తారనీ చెప్పాను. మధ్యలో చూస్తే డాక్టరమ్మ తొట్టి వంక చూడడం లేదు, నా వంక చూస్తోంది.

"ఏ గొర్రె నీళ్ళు ఎక్కువగా వాడేవారు?" అంది.

నల్లచెవి తల్లివి. అది బాగా నాకేది, పాలు సమృద్ధిగా ఉండేవి. నాలుగేళ్ళ కింద చిక్కి చిక్కి పడిపోయింది, పళ్ళు అరిగిపోయి మేత పట్టడం లేదని మనం అనుకున్నాం. ఇప్పుడు రెండోదిగా గోక్కున్న గొర్రె ఏదో మీకు తెలుసా? ఆ తొట్టిలో మీరు ముంచి బతికించినదే.

ఆ సాయంత్రం మీ అమ్మాయి, "ఈ మాట అమ్మకి రాయకండి. తొట్టి పగిలిందని రాయండి, చాలు" అంది.

"పగిలిందంటే కొత్తది కొనుక్కొస్తుంది," అన్నాను.

అందుకే రాస్తున్నాను. మీరు వచ్చాక మళ్ళీ అదే పని చేస్తారు, ఎందుకంటే ఆ పనిలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరు. తెలిసి చేసిన పని కాదు. డాక్టరమ్మ కూడా అలాగే అంది, తన చదువులో ఈ పద్ధతిని మంచి పద్ధతిగానే చెప్పారట, మందలో ఈ జబ్బు లేనంతవరకు. తొట్టిని లోతుగా పూడ్చిపెట్టాం. పాక గుంజలు ఆ గొర్రెలు రాసుకున్న గుంజలే కాబట్టి కాల్చేశాం. నేల పైమట్టి చెక్కి తీసేశాం. ఆ చోట కొన్నేళ్ళు గొర్రె అడుగు పెట్టకూడదు. కొత్త పాక పైచేలో వేస్తున్నాను, కంచె పని అందుకే.

ఇప్పుడు బాగున్న సంగతి.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. మంద మొత్తం తీసేసి, కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, ఎక్కడి నుంచో కొత్త గొర్రెలు తెచ్చుకోవడం ఒకటి. ఒక్కో గొర్రె జన్యువు చూసి, జబ్బు అంటుకునే గుణం ఉన్నవి మాత్రమే తీసేసి, అంటనివి ఉంచుకోవడం రెండోది. ఆ రోజు మీరు ఆపరేషను బల్ల మీద ఉన్నారు. రెండోదే అని మీ తరఫున నేనే చెప్పాను. ఇందులో క్షమాపణ అడగను, మీరయినా ఇదే చెప్పేవారు.

ఆ జన్యువు సంగతి నాకు అర్థమైనంత చెబుతాను. ప్రతి గొర్రెకీ అవి రెండు ఉంటాయి, తల్లి ఇచ్చినది ఒకటి, తండ్రి ఇచ్చినది ఒకటి. డాక్టరమ్మ వాటిని ఏవో అక్షరాలతో చెప్పింది, నాకు నోరు తిరగలేదు. మేం గట్టిది, మెత్తనిది అని పేర్లు పెట్టుకున్నాం. గట్టిది ఉన్న గొర్రెలో ఆ మాంసకృత్తు సులువుగా మడత తప్పదు. పక్కది వచ్చి లాగినా దాని వెనక పోదు. రెండూ గట్టివైతే భయం లేనట్టే. ఒకటి గట్టిదైనా చాలావరకు అంటదు. రెండూ మెత్తనివైతే ఇవాళ కాకపోతే రేపు. పైకి చూస్తే ఏదీ తెలియదు. చెవి కొస నుంచి మినపగింజంత ముక్క తీసి పరీక్షకి పంపాలి.

ఆ ముక్కలు తీసిన రోజు మీరు ఉండాల్సింది. మీ అమ్మాయి ఒక్కోదాన్నీ మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటే డాక్టరమ్మ టక్కున కొట్టి సీసాలో వేసుకుంది. మన పెద్ద పొట్టేలు దొర ఠీవిగా నిలబడి చెవి ఇచ్చాడు, నల్లమొహం ఎత్తి, ఫొటో తీయించుకుంటున్నట్టు. వంకరగాడి దగ్గరికి వచ్చేసరికి వాడు పారిపోబోయి, ఆ వంకర కొమ్ము కంచె తీగలో ఇరికించుకుని, గుంజతో సహా లాక్కుపోయాడు. తీగ కోసి విడిపించాల్సి వచ్చింది. "దీన్ని కూడా పరీక్షకి పంపాలా?" అని డాక్టరమ్మ అడిగింది. అనవసరం అందామనుకున్నాను. మీ అమ్మాయే, "తీగ పోయాక చెవి పోతే ఏముందండీ, పంపండి" అంది.

ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ ఫోను చూసి చెబుతుంటే నేను వీపుల మీద రంగు వేశాను. ఉండేవాటికి ఆకుపచ్చ, పోయేవాటికి ఎరుపు. మొదట దొర. రెండూ మెత్తనివే. మీ అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది. నేను ఎర్ర రంగు వేశాను. దొర అప్పుడు కూడా ఠీవిగానే నిలబడ్డాడు.

వంకరగాడు రెండూ గట్టివే.

నేను నమ్మలేదు. "ఇంకోసారి చూడండి డాక్టరమ్మా, చెవులు మారాయేమో" అన్నాను. "ఈ చెవి పక్కన తీగ గీరిన గాయం ఉంది కదా, నేను రాసుకున్నాను. ఇదే," అంది. ఇలాంటివాడు ఈ చుట్టుపక్కల తను చూసినవాటిలో రెండోవాడట.

అత్తయ్యా, వాడిని తెచ్చింది మీరే. దొర కాలు విరిగిన ఏడు, వేరే దారి లేక, సణుక్కుంటూ తెచ్చారు. వాడి ఆడపిల్లల్ని ఉన్ని పలచన అనీ మొహం కళ లేదనీ వంకర సంతానం అనీ తిట్టారు. ఆ సంతానం ఒక్కోదానికీ తండ్రి నుంచి గట్టిది ఒకటి ఖాయంగా వచ్చింది. ఒక్కటీ పోదు. మందలో మూడు వంతుల్లో రెండు వంతులు నిలబడింది. ఆ రెండు వంతుల్లో ఎక్కువ భాగం వాడి బిడ్డలూ వాడి బిడ్డల బిడ్డలే. దొరని మీరు ముచ్చటపడి తెచ్చారు, వీడిని విసుక్కుంటూ తెచ్చారు, రెండింటిలోనూ లోపల ఏముందో మీకు తెలిసే దారి లేదు. డాక్టరమ్మ కూడా చెప్పింది, అందానికీ దీనికీ సంబంధమే లేదట. వంకరగాడు అన్నిటికీ గట్టివాడని కూడా అనుకోకండి. మొన్ననే గిట్టల్లో చీము పట్టి మూడు కాళ్ళ మీద కుంటాడు.

ఇంకో సంగతి విన్నాక నాకు ధైర్యం పూర్తిగా వచ్చింది. తల్లికి జబ్బున్నా సరే, కడుపులో పిల్లకి గట్టిది ఒకటి ఉంటే ఆ మాయలో విషం చేరదట. పిల్ల పుట్టకముందే చుట్టూ ఉన్న గొర్రెల్ని కాపాడుతోందన్నమాట. నల్లచెవి పిల్లకి తండ్రి వంకరగాడే. దొరని మందలోకి వదలకముందే వాడు కంచె దూకి దాని దగ్గరికి పోయాడు కదా, అందుకే అది మందకన్నా ముందు ఈనింది. పిల్ల చెవి కూడా పరీక్ష చేయించాం, దాని వీపు మీద చిన్న ఆకుపచ్చ చుక్క పడింది. ఇకమీదట మన మందకి పొట్టేలు వంకరగాడు ఒక్కడే. వాడి బిడ్డల కోసం వాడిలాంటివాడిని ఇంకొకడిని డాక్టరమ్మ చూసిపెడతానంది. కొమ్ములు తిన్నగా ఉన్నవాడైతే మేలని చెప్పాను.

రేడియో బాబాయి గురించి రాయాలి. ఆయన ఎన్ని పిల్లల్ని మన తొట్టిలో ముంచి తీసుకెళ్ళాడో మీకు తెలుసు. నేనే వెళ్ళి చెప్పాను. ఆయన మొత్తం విని తన దొడ్లోకి వెళ్ళి గేటు వేసుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళు కంచె దగ్గరికి రాలేదు. ఆయన మందకీ పరీక్షలు జరిగాయి. కొన్ని పోతాయి, వాటిలో ఒకటి అప్పటికే గోక్కుంటోంది. నిన్న వచ్చాడు.

"మీ అత్తకి రాశావా?" అన్నాడు.

"ఇంకా లేదు బాబాయ్."

"రాయి. నేను కోపంగా ఉన్నానని కూడా రాయి."

"సరే."

"ఏవిటి సరే? మొత్తం విను. ఆవిడ ముంచకపోతే ఆ పిల్లలు ఆ పూటే చచ్చేవి. ముంచింది కాబట్టి ఇన్నేళ్ళు బతికాయి, ఈనాయి, నా ఇల్లు నడిచింది. కోపం ఎవరి మీద పడాలో తేల్చుకోలేక వారం రోజులు అన్నం సయించలేదు నాకు. అది కూడా రాయి. రాసి, తుంటి అతుక్కున్నాక త్వరగా వచ్చేయమను. ఆవిడ లేకపోతే తిట్టడానికి కూడా ఎవరూ లేరిక్కడ."

ఉన్నదున్నట్టు రాశాను.

ఇక దాది.

దాదికి ఎర్ర రంగు వేశాను అత్తయ్యా. రెండూ మెత్తనివే. ఒక్క వెంట్రుక ఊడలేదు, నడక బాగుంది, వీపు గోకితే పెదాలు ఆడించదు, నన్ను చూసి విసుక్కుంటుంది, అంతే. మీరు పొయ్యి పక్కన సీసా పాలతో పెంచినప్పుడు ఎలా ఉండేదో ఇప్పటికీ కళ్ళు అలాగే ఉన్నాయి. కాని మన మందలో ఇన్ని ఈతల్లో అది నాకని పిల్ల లేదు. ఎవరి మాయ పడినా ముందు వెళ్ళి మూతి పెట్టేది అదే.

రంగు వేస్తుంటే నా చెయ్యి ఆగింది. డాక్టరమ్మ చూసింది. "అది అత్తయ్యగారిదా?" అంది. అవునన్నాను. ఫోను జేబులో పెట్టుకుని, "ఈ ఏడు చూలు కట్టలేదు కాబట్టి ఒక వెసులుబాటు ఇవ్వగలను. వేరే కొట్టంలో, వేరే నేల మీద, ఇంకో గొర్రె దగ్గరికి పోకుండా ఉంచగలిగితే, ఆవిడ వచ్చి చూసుకునేదాకా ఆపుతాను. మాయ ఒక్కటే దారి కాదు, ఉమ్మి, పేడ కూడా. ఉంచగలరా?" అంది.

ఉంచుదామనే అనుకున్నాను. బండి కొట్టంలో గడ్డి పరిచి, తలుపుకి అడ్డగడియ వేసి, నీళ్ళు పెట్టి వచ్చాను. మేత వేసి వెనక్కి వచ్చేసరికి తలుపు కింది పలక విరిగి ఉంది. దాది నల్లచెవి పిల్ల దగ్గర నిలబడి తల నుంచి తోక దాకా నాకుతోంది. దానికి పాలు లేవు, అయినా పిల్లని పొదుగు కిందికి నెట్టుకుంటోంది. తీసుకెళ్ళి ఈసారి మందపాటి పలక కొట్టాను. మర్నాడు గోడ మీది కిటికీ లోంచి దూకింది. ఈ వయసులో ఆ ఎత్తు నుంచి ఎలా దూకిందో నాకు తెలియదు. మళ్ళీ పిల్ల దగ్గరే. ఎక్కడ పిల్ల అరిచినా అది ఆగదు. అందుకే కదా మీరు దానికి దాది అని పేరు పెట్టారు.

ఆ పిల్లకి గట్టిది ఒకటి ఉంది, దానికి ఏమీ కాకపోవచ్చు. కాని వచ్చే నెల మంద ఈనడం మొదలవుతుంది. దొరకి పుట్టబోయే పిల్లల్లో ఏది ఎలాంటిదో చెవి చూసేదాకా తెలియదు. బాబాయి ఎత్తుకొచ్చే పిల్ల ఎలాంటిదో అసలే తెలియదు. దాదికి తేడా లేదు, అన్నిటినీ నాకుతుంది. దాన్ని కట్టేసి, నోటికి చిక్కం వేసి, గది గోడల మధ్య ఉంచవచ్చు. అప్పుడు మీ దగ్గర ఉండేది దాది కాదు.

అందుకని డాక్టరమ్మకి ఉంచలేనని చెప్పేశాను. ఎర్ర రంగువాటిని చంపి పరీక్ష చేసే చోటికి తీసుకెళ్ళడానికి శుక్రవారం లారీ వస్తుంది, దాది కూడా వెళుతుంది.

మీ అమ్మాయిని దీంట్లోకి లాగకండి. ఆమె వద్దనే అంది. "అమ్మని అడగండి, ఒక్క ఫోను చేయండి" అంది. నేను చేయలేదు. అడిగితే మీరు ఉంచమనేవారు. మీరు ఉంచమన్నాక కాదనే శక్తి నాకు లేదు, ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు నుంచీ లేదు. ఈ ఉత్తరం ఇవాళ రాస్తున్నాను గాని శుక్రవారం లారీ వెళ్ళాకే డబ్బాలో వేస్తాను. అది కూడా తెలిసే చేస్తున్నాను. మీకు కోపం వస్తుంది, రావాలి. వచ్చాక ఎన్నాళ్ళు మాట్లాడకపోయినా సరే. చేసిన పని మటుకు తప్పని నేను అనుకోవడం లేదు. పరీక్షలో దానికి జబ్బు ఉందని తేలినా, లేదని తేలినా నా మాట ఇదే.

దాది కూతురు బుడ్డి ఉంటుంది. వంకరగాడి బిడ్డ కాబట్టి ఆకుపచ్చ రంగు పడింది. అది తొందరపడి సోమవారమే ఈనింది, ఒకటే పిల్ల, పాలు దండిగా ఉన్నాయి. నల్లచెవి పిల్లని దానికి అలవాటు చేద్దామని చూస్తున్నాను. తొట్టి లేదు కాబట్టి ఇరుకు దడిలో మెడ కదలకుండా నిలబెట్టి పిల్లని వదులుతున్నాను. బుడ్డికి తల్లి పోలికే వచ్చింది గాని గుణం రాలేదు. మొదటి తాపు పిల్లకి తగిలింది, రెండోది నాకు. మోకాలు ఇంకా నల్లగా ఉంది. అయినా ఇవాళ పొద్దున పిల్ల నాలుగు గుక్కలు తాగింది.

మీకు తొట్టి లేకుండా కూడా ఈ పని వచ్చు. నేను చూశాను. దొర కాలు విరిగిన ఆ ఏడే, తొట్టి చేతికందకపోతే, మీరు గొర్రె మెడ మీద చెయ్యి వేసి ఊరికే కూర్చున్నారు. అది తన్నలేదు. పిల్ల తాగేదాకా లేవలేదు మీరు. ఏం చేశారని అడిగితే "ఏమీ చేయలేదు, కూర్చున్నాను" అన్నారు. నేనూ కూర్చుంటున్నాను, నాకు తన్నులు పడుతున్నాయి. తేడా ఏమిటో మీరు వచ్చి చూపించాలి. వచ్చే నెలాఖరుకి డాక్టరు కదలమంటే మీ అమ్మాయి వచ్చి మిమ్మల్ని తీసుకొస్తుంది. కొత్త పాకలో మీరు కూర్చోవడానికి చేతులున్న కుర్చీ ఒకటి పెడుతున్నాను, తుంటికి ఇబ్బంది లేకుండా. తలుపు కూడా ఈసారి సరిగ్గా పడుతుంది.

వదినకి, తోడల్లుడిగారికి నా నమస్కారాలు చెప్పండి. పిల్లలకి ఆశీస్సులు. మందులు మానకండి. కర్ర లేకుండా నడిచి చూపించబోయారని వదిన చెప్పింది, అలాంటివి వద్దు.

ఇట్లు,
మీ మాట వినకుండా ఒక పని చేసిన
మీ చిన్నల్లుడు

శుక్రవారం. వాన లేదు. తెల్లవారుతుండగా లారీ వచ్చింది. దొర ముందు ఎక్కాడు, తర్వాత ఎర్ర రంగువన్నీ ఎక్కాయి. దాదిని మీ అమ్మాయి నడిపించుకొచ్చింది, తాడు కట్టలేదు. అది చివర ఎక్కింది. పొద్దెక్కకముందే వెళ్ళిపోయాయి.